ప్రాజెక్టు డైరీ: పదహారు నల్ల మగ్గులు, ఒక సిమ్యులేషన్, లెక్కకి లొంగని దోమలు

రోజు 1

మా వీధిలో నెల తిరక్కుండా మూడిళ్ళలో డెంగీ వచ్చింది. ముగ్గురూ పిల్లలే, ముగ్గురూ కోలుకున్నారు. కానీ ఆ మూడిళ్ళు పక్కపక్కనే లేవు, మధ్యలో ఐదారిళ్ళు వదిలి వచ్చింది, అదే నాకు అంతుపట్టలేదు. ఎవరిని కదిపినా "మా ఇంట్లో ఎక్కడా నీళ్ళు నిలవవు, ఆ మురిక్కాలవ వల్లే ఇదంతా" అంటారు. మురిక్కాలవలో పుట్టేది చాలావరకు క్యూలెక్స్, రాత్రిళ్ళు చెవి దగ్గర రొద పెట్టే దోమ. డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టైకి ఇంటి చుట్టూ డ్రమ్ముల్లో, డబ్బాల్లో, కుండీల కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు కావాలి. అది పగటిపూట కుడుతుంది, పొద్దున్న కాసేపు, మళ్ళీ చీకటి పడేముందు ఇంకా ఎక్కువ. నోటితో చెప్తే ఎవరూ నమ్మలేదు. సరే, లెక్కపెట్టి చూపిద్దాం అనుకున్నా.

పనులు రెండు. వీధి పొడవునా ఓవిట్రాప్‌లు, అంటే దోమ గుడ్లు పట్టే ఉచ్చులు పెట్టి గుడ్లు లెక్కపెట్టడం ఒకటి, పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్, అంటే దోమలూ వైరస్సూ ఎలా పాకుతాయో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ రాసి రెండూ కలుస్తాయేమో చూడటం ఇంకొకటి. నేను కీటకాల గురించి చదువుకున్నవాణ్ణి కాదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి, కాబట్టి ఇందులో పొరపాట్లు బోలెడు జరుగుతాయని ముందే తెలుసు. జరిగాయి కూడా.

రోజు 8

ఓవిట్రాప్ కొత్త సంగతేం కాదు, 1960ల నుంచి వాడుతున్నారు. నల్ల డబ్బా, సగానికి పైగా నీళ్ళు, లోపలి అంచుకి ఆనించి గరుకుగా ఉండేదేదైనా. గుడ్లు పెట్టడానికి తిరిగే ఆడదోమ చీకటిగా, తడిగా, గరుకుగా ఉన్న గోడ వెతుక్కుంటుంది, మనం అదే పెడతాం. అర లీటరు పట్టే నల్ల ప్లాస్టిక్ మగ్గులు పదహారు తీసుకుని, పైనుంచి మూడో వంతు దగ్గర ఒక్కో చిల్లు పెట్టా, వానొస్తే నీళ్ళు అక్కడి నుంచి పోవాలి, లేకపోతే పొంగి పట్టీ అంతా మునిగిపోతుంది. లోపల ముతక గుడ్డ పట్టీని బట్టల క్లిప్పుతో బిగించా. మామూలు నీళ్ళ కంటే ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళకి దోమలు ఎక్కువ వస్తాయి, అందుకని వారంగా ఒక బకెట్టులో గడ్డి నానుతోంది. ఆ కంపు సంగతి వదిలేయండి, ఇంట్లో నాకు పడ్డ అక్షింతలు ఈ డైరీలో రాయను.

ఒక్క నియమం మాత్రం గట్టిగా రాసుకున్నా: ఏ మగ్గునీ వారం దాటనివ్వకూడదు. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం పది రోజులు చాలు. మర్చిపోయామా, అది ఉచ్చు కాదు, పురిటిగది.

రోజు 15, మొదటి లెక్క

16లో 11 మగ్గుల్లో గుడ్లు. మొత్తం 412.

మొదటి పట్టీ తీసి చూస్తే ఏం లేదనిపించింది, పెన్సిల్ చెక్కినప్పుడు రాలే పొడి అంటుకున్నట్టు సన్నటి నల్ల చుక్కలు, అంతే. లెన్స్ పెట్టగానే ఒళ్ళు జలదరించింది. ఒక్కో చుక్కా చిన్న చుట్ట ఆకారంలో, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, దేనికది విడిగా గుడ్డ పోగుల మధ్య ఇరుక్కుని ఉంది. అన్నీ నీటి గీతకి ఒక వేలు మందం పైనే ఉన్నాయి తప్ప నీళ్ళలో ఒక్కటీ లేదు. క్యూలెక్స్ అయితే గుడ్లన్నీ ఒకదానికొకటి అంటించి తెప్పలా నీళ్ళ మీద వదులుతుంది. ఒక పట్టీ మీద నాలుగు మాత్రం తెల్లగా ఉన్నాయి, పాడయ్యాయేమో అనుకున్నా, మధ్యాహ్నానికి అవీ నల్లబడ్డాయి. అంటే నేను వెళ్ళే కాసేపటి ముందే పెట్టి పోయిందన్నమాట.

7వ నంబరు మగ్గులోనే 138 ఉన్నాయి. ఒక ఆడదోమ విడతకి వంద దాకా పెట్టగలదు కానీ అన్నీ ఒకే చోట పెట్టదు, నాలుగైదు చోట్ల కొన్ని కొన్ని వదులుతుంది, ఒక చోట ఎండిపోయినా ఇంకో చోట బతుకుతాయని. కాబట్టి 7 దగ్గర తిరిగేది ఒకటో రెండో దోమలు కాదు. విచిత్రం ఏంటంటే ఆ చుట్టుపక్కల ఇళ్ళే వీధి మొత్తంలో శుభ్రంగా ఉంటాయి.

తర్వాత చేర్చిన మాట: కొన్ని గుడ్లని మూతకి వల బిగించిన సీసాలో పొదిగించి, రెక్కలొచ్చాక చూశా. 20లో 17 ఈజిప్టై, వీపు మీద వీణ తీగెల్లా వంపు తిరిగిన వెండి గీతలు. మిగతా 3 ఆల్బోపిక్టస్, ఏడిస్‌లోనే ఇంకో రకం, నడుమ ఒక్కటే తెల్ల గీత. చూశాక సీసా మొత్తం వేడినీళ్ళలో ముంచేశా.

రోజు 19

మోడల్ మొదటి వెర్షన్ నడిచింది. మనుషుల్ని నాలుగు గదులుగా పెట్టా: సోకనివాళ్ళు, సోకి ఇంకా పొదుగుతున్నవాళ్ళు, దోమకి అంటించగలవాళ్ళు, కోలుకున్నవాళ్ళు. దోమలకి గుడ్డు, లార్వా (నీళ్ళలో ఈదే పిల్ల పురుగు), ప్యూపా (దోమ కావడానికి ముందు దశ), ఆపైన పెద్ద దోమల్లో మళ్ళీ మూడు గదులు. దోమకి కోలుకోవడం అంటూ లేదు, వైరస్ ఒకసారి లాలాజలంలోకి చేరితే చచ్చేదాకా అంటిస్తూనే ఉంటుంది.

నడిపిస్తే మూడు వారాల్లో వీధి వీధంతా మంచాన పడింది. నిజంగా అలా జరగదు కదా.

రెండు రాత్రులు తల పట్టుకున్నాక దొరికింది. వైరస్ ఉన్న మనిషిని కుట్టిన దోమ వెంటనే అంటించలేదు, వైరస్ దాని పేగు దాటి, ఒళ్ళంతా పాకి, లాలాజల గ్రంథులకి చేరాలి, 25 నుంచి 28 డిగ్రీల మధ్య దానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. నేను సగటు 10 రోజులని పెట్టుకుని, రోజూ ఆ గదిలో ఉన్న దోమల్లో పదో వంతు తర్వాతి గదికి పోయేట్టు రాశా. సగటు సరిపోయింది. కానీ ఇలా రాస్తే కుట్టిన మర్నాడే కొన్ని దోమలు అంటించడానికి సిద్ధమైపోతాయి, అసలు తేడా అంతా అక్కడే. రోజుకి 100లో 20 దోమలు చస్తాయనుకుంటే, నా కోడ్ ప్రకారం 100లో 29 దాకా అంటించే వయసుకి వస్తున్నాయి. పది రోజులూ నిజంగా బతికి తీరాలి అని లెక్కేస్తే వచ్చేది 11 మాత్రమే. ఒక గది బదులు పది చిన్న గదులు పెట్టి, రోజుకో గది జరిగేట్టు మార్చా. వీధి కాస్త తెప్పరిల్లింది.

రోజు 27, అపరాధం

12వ నంబరు మగ్గు మర్చిపోయా. ఒక ఇంటి వెనక పాత తలుపుల చాటున పెట్టాను, ఊరెళ్ళొచ్చి చూసేసరికి పన్నెండు రోజులైంది. టార్చి వేయగానే లార్వాలన్నీ వెలుగుకి బెదిరి మెలికలు తిరుగుతూ అడుక్కి పరిగెత్తాయి, ప్యూపాలు మాత్రం కామాల్లా వంగి నీళ్ళ పైనే తేలుతున్నాయి. వాటి మధ్య ఖాళీ పెంకులు ఆరు. అంటే ఆరు దోమల్ని నేనే పెంచి వీధిలోకి వదిలానన్నమాట. ఆ ఇంటి బామ్మగారు వెనక నిలబడి అంతా చూస్తూ "దోమల్ని చంపుతానన్నావా, పెంచుతానన్నావా నాయనా?" అన్నారు. ఏం చెప్పను. ఆ రోజు నుంచి ప్రతి మగ్గులో బీటీఐ పలుకులు వేస్తున్నా. అదొక బాక్టీరియా, 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికింది, దోమ లార్వాలు తింటే వాటి పేగులు చిల్లులు పడి చస్తాయి, మనకీ పెంపుడు జంతువులకీ ఏమీ కాదు. గుడ్ల లెక్కకి దానివల్ల అడ్డం లేదు. మొదటి రోజే వేయాల్సింది, ఉచ్చు చిన్నదే కదా అని బద్ధకించా.

రోజు 33

ఈ వారం పొగ బండి వచ్చింది. పోయిన వారం 390 ఉన్న గుడ్లు ఈ వారం 215. వీధిలో పండగ వాతావరణం. నేను మాత్రం మోడల్లో ఒక రోజు పెద్ద దోమల్లో ముప్పావు వంతు తీసేసి నడిపించి చూశా, పది రోజుల్లో గీత మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. ఎందుకొస్తుందో కోడ్ చూడక్కర్లేకుండానే చెప్పొచ్చు: పొగ తగిలేది ఎగిరే దోమకి, నీళ్ళలో ఉన్న లార్వాకీ ప్యూపాకీ కాదు. పైగా ఈజిప్టై రోడ్డు మీద ఉండదు, మంచం కింద, తలుపు వెనక వేలాడే బట్టల్లో దాక్కుంటుంది. ఫాగింగ్‌లో వాడే పైరెత్రాయిడ్ మందులకి చాలా నగరాల్లో ఈ దోమ అలవాటు పడిపోయింది కూడా.

మోడల్‌తో ఆడుకుంటుంటే ఇంకో సంగతి బయటపడింది, నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే నచ్చింది ఇదే. రోనాల్డ్ రాస్ వందేళ్ళ కిందట మలేరియా కోసం మొదలుపెట్టి, 1950లలో మెక్‌డోనాల్డ్ అనే మలేరియా పరిశోధకుడు సాగదీసిన లెక్క ఒకటి ఉంది. ఒక రోగి నుంచి కొత్తగా ఎంతమందికి పాకుతుందో అది చెప్తుంది. అందులో దోమల సంఖ్య సగం చేస్తే ఫలితం కూడా సగం అవుతుంది, అంతే. కానీ దోమ ఒక రోజు బతికే అవకాశాన్ని నూటికి 90 నుంచి 80కి తగ్గిస్తే? పది రోజుల పొదుగుడు దాటేవి 100లో 35 నుంచి 11కి పడిపోతాయి, దాటినవి కూడా ఆ తర్వాత తక్కువ రోజులే బతుకుతాయి, రెండూ కలిపి చూస్తే వ్యాప్తి దాదాపు ఏడో వంతుకి దిగిపోతుంది. నేను కాగితం మీద మూడుసార్లు వేశా, నమ్మకం కుదరక. అంటే వీధిలో వెయ్యి కుర్ర దోమలు ఉన్నా భయం లేదు, రెండు వారాలు నిండిన యాభై ముసలివి ఉంటే భయపడాలి. నా మగ్గులు మాత్రం దోమ వయసు చెప్పవు.

ఆ లెక్కలోనే కాటు రెండుసార్లు గుణించుకుంటుంది, ఎందుకంటే దోమ ఒకసారి కుట్టి తెచ్చుకోవాలి, ఇంకోసారి కుట్టి ఇవ్వాలి. ఈజిప్టైకి అదొక పాడు అలవాటు, ఒకరి దగ్గర కడుపునిండా తాగదు, చెయ్యి విదిలిస్తే లేచి పక్కనున్నవాళ్ళ మీద వాలుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు వరసగా పడకేసేది అందుకే.

ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరంలో వోల్బాకియా బాక్టీరియా ఎక్కించిన దోమల్ని వదిలి చేసిన ప్రయోగం గురించి కూడా ఇప్పుడే సరిగ్గా అర్థమైంది. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం అక్కడ డెంగీ కేసులు 77 శాతం తగ్గాయి. దోమలు తగ్గి కాదు, ఆ బాక్టీరియా ఉన్న దోమ ఒంట్లో వైరస్ పెరగలేకపోవడం వల్ల.

రోజు 40

ఎదురింటి అన్నయ్య పూనుకుని ఆదివారం అందరినీ బయటికి లాగాడు. డ్రమ్ములు కడిగి మూతలు పెట్టాం, పాత టైర్లు తీసుకెళ్ళి పారేశాం, కుండీల కింద పళ్ళేలు బోర్లించాం, ఫ్రిజ్ వెనక నీళ్ళు పట్టే ట్రే కూడా వదల్లేదు. ఊరికే నీళ్ళు పారబోస్తే చాలదు, గోడకి అంటుకున్న గుడ్లు పోవాలంటే పీచుతో రుద్దాలి, ఈ ఒక్క మాట చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

రోజు 46

గుడ్లు 538.

మొదటి వారం కంటే ఎక్కువ. పదహారింట్లో పద్నాలుగు మగ్గులు నిండాయి. అన్నయ్య ఏమీ అనలేదు కానీ ఆయన చూపుకి తలెత్తుకోలేకపోయా. ఆదివారమంతా ఒళ్ళు హూనం చేసుకుని దోమల్ని పెంచామా అని ఒకటే టెన్షన్.

రాత్రి పడుకున్నాక వెలిగింది. గుడ్లు పెట్టాల్సిన దోమలు ఇంకా బతికే ఉన్నాయి, మేం తీసేసింది వాటికి గుడ్లు పెట్టుకునే చోట్లని. ఇంతకుముందు నలభై చోట్లలో నా మగ్గులు పదహారు అనుకుంటే, ఇప్పుడు చోట్లే ఇరవై లేవనుకోండి, అందులో పదహారు నావే. ఇంకెక్కడికి పోతాయి? ఓవిట్రాప్‌తో ఇదే చిక్కు, అది దోమల్ని లెక్కపెట్టదు, మిగతా నీళ్ళతో పోటీలో తనకి దక్కిన వాటా చెప్తుంది. తర్వాత చదివితే ఇది ఎప్పటి నుంచో తెలిసిన లోపమే. ముందే చదవాల్సింది.

ఇక నుంచి ప్యూపాలు లెక్కపెడుతున్నా. గుడ్లలో ఎన్నో పొదగవు, లార్వాల్లో ఎన్నో ఆకలికి చస్తాయి, ప్యూపా దాకా వచ్చిందంటే మాత్రం ఒకట్రెండు రోజుల్లో దోమ అయిపోవడం చాలావరకు ఖాయం. మోడల్లో కూడా కిక్కిరిసిన డ్రమ్ములోంచి సగం లార్వాల్ని తీసేస్తే బయటికొచ్చే దోమలు పెద్దగా తగ్గలేదు, మిగిలిన వాటికి తిండి బాగా దొరికి ఎక్కువ బతికాయి. సగం శుభ్రం చేయడం కంటే దండగ పని లేదు.

రోజు 52

ఇంటింటికీ తిరిగి నీళ్ళున్న ప్రతిదీ జల్లెడతో వడగట్టా. నీళ్ళున్నవి 61, లార్వాలున్నవి 14, ప్యూపాలున్నవి 5. ఆ ఐదింటిలో రెండే మొత్తం ప్యూపాల్లో ముప్పాతిక ఇచ్చాయి: మూత సగం విరిగిన సిమెంటు తొట్టి ఒకటి, ఎవరూ వాడని డ్రమ్ము ఇంకొకటి. అధికారికంగా వాడే బ్రెటో సూచీ అయితే నూరిళ్ళకి లార్వాలున్న పాత్రలెన్ని అని చూస్తుంది, ఆ లెక్కలో రెండు లార్వాలున్న పళ్ళెమూ ఒకటే, రెండొందలున్న తొట్టీ ఒకటే.

7వ నంబరు చుట్టూ మాత్రం ఒక్క ప్యూపా దొరకలేదు. గుడ్లు మాత్రం ఈ వారం కూడా 120కి పైనే.

రోజు 58

మూడిళ్ళ ముడి కొంత వీడింది, దోమల వల్ల కాదు, మాటల్లో. ఆ ముగ్గురు పిల్లలూ రోజూ సాయంత్రం ఒకే ఇంటి వసారాలో ఆడుకుంటారట, 7వ నంబరు మగ్గు ఉన్న గోడ పక్కిల్లు. నేను మోడల్లో మనుషుల్ని వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి కట్టేసి, దోమల్నేమో వీధంతా తిప్పా. సరిగ్గా తలకిందులు. ఈ దోమ చాలావరకు పుట్టిన చోటికి వంద రెండొందల మీటర్లలోపే బతికేస్తుంది. వైరస్‌ని దూరాలకి మోసేది మనిషి. పెరూలోని ఇకిటోస్ నగరంలో చేసిన పరిశోధన కూడా ఇదే చెప్పింది, జనం ఒకరింటికొకరు పోవడమే వ్యాప్తికి దారి అని. జ్వరం రాకుండానే వైరస్ మోసేవాళ్ళు కూడా దోమకి అంటించగలరు, అసలు సోకినవాళ్ళలో ఎక్కువమందికి ఏ లక్షణాలూ ఉండవు, కాబట్టి మొదట ఎవరి నుంచి వచ్చిందో వెతకడం వృథా. మూడిళ్ళ నుంచి సాయంత్రం రెండు గంటలు ఆ వసారాకి మనుషుల్ని పంపేలా కోడ్ మార్చగానే మధ్య ఇళ్ళు వదిలేసి ఆ మూడే వెలిగాయి. ఇది రుజువు కాదు, నాకు కావాల్సిన జవాబు వచ్చేలా నేనే మీటలు తిప్పి ఉండొచ్చు.

రోజు 61

చిన్న పని. మొదటి వారం పట్టీల్లో ఒకటి ఎండబెట్టి కవర్లో దాచా, 46 రోజులైంది. గడ్డి నీళ్ళలో వేసి అన్నానికి వెళ్ళొచ్చేసరికి ఈదుతున్నాయి! ఎండిన గుడ్డు నెలల తరబడి బతుకుతుందని చదివా కానీ చూడటం వేరు. మోడల్లో వానల్లేని నెలల్లో దోమలు పూర్తిగా అంతరించి మళ్ళీ పుట్టకపోవడానికి కారణం ఇదే, నేను గుడ్లకి ఎండిన గది పెట్టనే లేదు. పెట్టా. సీసా వేడినీళ్ళలోకి.

రోజు 64

నిచ్చెన వేసుకుని ఆ వసారా పైన సన్‌షేడ్ ఎక్కా. కింద నుంచి చూస్తే పొడిగా, తెల్లగా ఉంటుంది. పైన చూస్తే నీళ్ళు పోయే గొట్టం ఆకులతో మూసుకుపోయి, గోడ పొడవునా జానెడు వెడల్పు, రెండు వేళ్ళ లోతు నల్లటి నీళ్ళు. చెయ్యి పెట్టి ఆకుల ముద్ద లాగితే గుడగుడమని దిగిపోయాయి, అడుగున మిగిలిన బురదలో ప్యూపాలు ఎగిరెగిరి పడుతున్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి 90 దగ్గర ఆపేశా. ఆ ఇంటావిడ కింద నుంచి "మా ఇంట్లో నీళ్ళు నిలవవని చెప్పాను కదా బాబూ" అంటున్నారు. ఆవిడ అబద్ధమేం చెప్పలేదు, వాళ్ళింట్లో నిజంగానే నిలవవు, ఇంటి మీద నిలిచాయి. గోడంతా గట్టి బ్రష్షుతో రుద్ది, గొట్టానికి జాలీ బిగించి దిగా.

రోజు 71

7వ నంబరు: 163. పెరిగింది. ఈసారి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నా.

రోజు 85

7వ నంబరు: 34. పోయిన వారం 77.

12వ నంబరు: 51. పోయిన వారం 9. దాని చుట్టుపక్కల నేల మీద నీళ్ళున్నవన్నీ పొద్దున వడగట్టా, ఏమీ లేదు. రేపు నిచ్చెన అటు తీసుకెళ్ళాలి, బామ్మగారిని అడిగి.